ఛార్జి అప్పగించకుండా కదలకండి

ఈరోజు విద్యార్థి వేతనాలు అందుకుంటున్న చిరంజీవులకు నా ఆశీస్సులు.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్ల గురించి మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. మన ట్రస్టులో జరిగిన ఒక నష్టం గురించి మాత్రం చెప్పగలను.

2022లో మన వేతనం అందుకున్న ఒక కుర్రవాడు దరఖాస్తులు, మార్కుల జాబితాలు భద్రపరచడానికి ఆఫీసు కంప్యూటర్లో నెక్స్ట్‌క్లౌడ్ పెట్టి ఇచ్చాడు. 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడివడి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. దానిని డాకర్ కంటైనర్‌లో నడిపాడు. తర్వాత ఉద్యోగం వచ్చి పుణె వెళ్లిపోయాడు. ఏది ఎక్కడుందో రాసిపెట్టలేదు, మేమూ అడగలేదు.

మరుసటి ఏడు ఇంకో అబ్బాయి కొత్త వెర్షన్ కోసం పాత కంటైనర్‌ను తీసేశాడు. అందులో తప్పు లేదు. కంటైనర్ బ్యాంకు కౌంటర్ లాంటిది, తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు. లెడ్జర్లు ఉండేది వాల్యూమ్ అనే స్ట్రాంగ్ రూములో. మన వాల్యూమ్‌కు పేరే పెట్టలేదు. డిస్కులో చోటు కోసం వాడుకలో లేనివన్నీ తుడిచేసినప్పుడు అదీ పోయింది. నకలు లేదు. 41 మందికి ఫోన్లు చేసి మళ్లీ కాగితాలు తెప్పించాము. వేతనం అందేలోపు ఒక అమ్మాయికి ఫీజు గడువు వచ్చేసింది. వాళ్ల నాన్నగారు వడ్డీకి తెచ్చి కట్టారు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

తప్పు ఆ పిల్లలది కాదు, నాది. బ్యాంకులో ఛార్జి అప్పగించి రిజిస్టరులో సంతకం పెట్టనిదే మమ్మల్ని సెలవు మీద కదలనిచ్చేవారు కాదు. ఆ అలవాటును ఇక్కడ మరిచాను.

ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టాము. ఏ ఇమేజ్, ఏ వెర్షన్, వాల్యూమ్ పేరేమిటి, కంపోజ్ ఫైలు ఎక్కడుంది, అన్నీ అందులో ఉన్నాయి. నెక్స్ట్‌క్లౌడ్‌లో ప్రధాన వెర్షన్లను ఒక్కొక్కటిగానే దాటాలి, మధ్యలోది వదలకూడదని రాశాము. ఫైళ్లు, కాన్ఫిగరేషన్, డేటాబేసు మూడింటి నకలూ వేరే డిస్కులో ఉంచుతున్నాము. పాస్‌వర్డ్ రాయలేదు, అది సీలు వేసి ఎవరి దగ్గరుందో రాశాము.

రాయగానే సరిపోదు. ఈ పనితో పరిచయంలేని ఒక బి.కాం. అమ్మాయికి ఖాళీ కంప్యూటరూ, ఆ పుస్తకమూ ఇచ్చి, "మమ్మల్ని ఏమీ అడగకుండా నిలబెట్టమ్మా" అన్నాము. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. నకలు తిరిగి ఎక్కించేముందు ఏం చేయాలో మేము రాయలేదు. ఆ లోపాన్ని ఆమే సరిదిద్దింది. రెండోసారి పుస్తకం చూసే పూర్తిచేసింది.

నాయనలారా, కోడు రాయడం రానివారు కూడా ఓపెన్ సోర్స్‌కు పనికివస్తారు. నెక్స్ట్‌క్లౌడ్ వాడుక పుస్తకాలు అందరూ చూసి దిద్దగలిగేలా బహిరంగంగా ఉన్నాయి. మీరు ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఒక వాక్యం చేర్చండి. రేపు ఏ ఉద్యోగం మారినా, మీ తర్వాత వచ్చేవారు మీకు ఫోన్ చేయనక్కరలేకుండా రాసిపెట్టి వెళ్లండి.

సెలవు.