చివరివారికి తోడు

నీలగిరులలో 2008లో మొదలైన సామూహిక సైకిలు యాత్రకు పేరుపొందిన పరీక్ష కల్లట్టి కనుమ. మసినగుడి వైపు నుంచి ఉదకమండలానికి ఎక్కే ఆ దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. ఉదకమండలం సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఆరంభంలోనే తొందరపడినవారు సగం దారిలో అలసిపోతారు. చిన్న గేరులో నిలకడగా తొక్కేవారు పైకి చేరుతారు. దిగేటప్పుడు మలుపుకు ముందే వేగం తగ్గించాలి.

ఇటువంటి బృందాలలో అందరికంటే వెనుక ఒక అనుభవజ్ఞుడు వస్తాడు. ముందుకు పోగల శక్తి ఉన్నా, చివరివారిని దాటిపోడు.

75 ఏళ్లు నిండిన తెలుగు బడికీ అదే ధర్మం. తరగతిలో పిల్లలు తగ్గారని ఉపాధ్యాయులు గానీ, తల్లిదండ్రులు గానీ, పూర్వవిద్యార్థులు గానీ తమ దారిన తాము సాగిపోరాదు. చివరి విద్యార్థి గట్టెక్కేవరకు తోడుండాలి.