కూలినను ప్రాణము నిలుపు హెలికాప్టరు



తాటిచెట్టునుండి జారినవాడు రాతినేలపై బడినచో బ్రదుకుట అరుదు. గడ్డివామిపై బడినచో ఒక్కొక్కప్పుడు లేచి నడచిపోవును. ఎత్తు ఒక్కటియే, భేదమెల్ల దేహము ఆగుటకు దొరకిన దూరములో నున్నది. ఆ దూరము పెరిగినకొలది దెబ్బ తగ్గును.

ఈ సంగతిని శాస్త్రరీతిని పరిశోధించినవారిలో హ్యూ డిహేవెన్ ముఖ్యుడు. 1917లో వైమానిక శిక్షణ పొందుచుండగా ఆయన విమానము మరియొక దానితో ఢీకొని కూలెను. తానొక్కడు ఏల బ్రదికెనను చింత ఆయనను విడువలేదు. ఎత్తులనుండి పడియు జీవించినవారి వృత్తాంతములను పరిశీలించి 1942లో వ్యాసము ప్రకటించెను. పాటును ఆపలేకపోయినను చావును ఆపవచ్చునని దాని సారము.

హెలికాప్టరు విషయమున ఈ పాఠము వియత్నాం యుద్ధములో తీవ్రముగా బోధపడినది. కూలిన హెలికాప్టర్లలో పెక్కుమంది దెబ్బకు ఓర్చియు, తొట్టి పగిలి చిందిన ఇంధనము అంటుకొనగా మంటలపాలైరి. అమెరికా సైన్యము 1967లో ప్రాణరక్షణకు వలయు నిర్మాణసూత్రముల గ్రంథమును వెలువరించెను. 1970 మొదలు హ్యూయీ హెలికాప్టర్లలో చినుగని ఇంధనపు సంచులను, గొట్టము తెగినతోడనే మూసికొను కవాటములను అమర్చిరి. దానితో బ్రదుకదగిన ప్రమాదములలో అగ్నిమరణములు దాదాపుగా లేకుండబోయినవి.

1974లో సైనిక ప్రమాణము ఏర్పడెను. సెకనుకు 42 అడుగుల వేగముతో, అనగా సుమారు 27 అడుగుల ఎత్తునుండి పడిన వేగముతో, నేలను తాకినను లోనివారు బ్రదుకవలెనని దాని నియమము. ఆ విధముననే బ్లాక్ హాక్ రూపొందెను. అందు చక్రముల కాళ్లు మొదట కుంగును; పిదప అడుగుభాగము నలుగును; తుదకు ఆసనము క్రిందికి జారి వెన్నెముకను కాచును. గడ్డివాము చేయు పనినే ఇవి మూడును పంచుకొనుచున్నవి.

పౌర హెలికాప్టర్ల కథ వేరు. 1994లో అమెరికా ప్రభుత్వము ఇట్టి ఇంధనపు తొట్లను విధించెను. కాని కొత్త నమూనాలకు మాత్రమే. పాత నమూనాపై కొత్త యంత్రములు పాతరీతినే తయారగుచు వచ్చినవి. 2015 జూలై 3న కొలరాడోలోని ఫ్రిస్కోలో, రోగులను మోయు హెలికాప్టరొకటి లేచిన కొలదిసేపటికే కూలి మండిపోయెను. చోదకుడు మరణించెను, నర్సులిద్దరు తీవ్రముగా గాయపడిరి. యంత్రము కొత్తది; నమూనా 1970లనాటిది. తుదకు 2018 నాటి చట్టము, 2020 ఏప్రిలునుండి తయారగు హెలికాప్టర్లన్నిటికిని ఆ రక్షణను విధించెను. అంతకుముందు తయారైనవాటిని అది బలవంతపెట్టలేదు.

ఉపాయము తెలిసిన ఏబదియేండ్లకు గాని అది అందరికిని విధి కాలేదు. బావికి పిట్టగోడ కట్టవలెనని తీర్మానించి, పాత బావులను మినహాయించిన ఊరివంటిదే ఇది. కాబట్టి రక్షణనియమమును గూర్చి వినినపుడు, అది యేమి చెప్పుచున్నదని మాత్రమేకాక, ఎవరికి, ఏనాటినుండి వర్తించునని కూడ అడుగుట పెద్దల ధర్మము.