బేణారే మాట వినేదెవరు?



నాటకానికి రాయడం వేరు, టీవీకి రాయడం వేరు. ఈ రెండూ చేసిన రచయిత విజయ్ టెండూల్కర్. 1967 నాటి ఆయన మరాఠీ నాటకం 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే'లో లీలా బేణారే అనే టీచరును తోటి నటులు సరదాకి బోనెక్కిస్తారు. వాళ్ళతోపాటు మనమూ నవ్వుతాం. క్రమంగా ఆట ఆమె సొంత బతుకులోకి, పెళ్ళికాకుండా వచ్చిన గర్భం దాకా వెళుతుంది. భ్రూణహత్య నేరం మోపినవాళ్ళే చివరికి ఆ గర్భం ఉండకూడదని తీర్పు చెప్తారు. ఆమె మనసు విప్పి మాట్లాడుతుంటే వాళ్ళంతా శిలల్లా నిలబడిపోతారు. ఆమె, ఆమెను నిందించినవాళ్ళు ఒకేసారి మన కళ్ళముందుంటారు. నవ్వినందుకు హాలంతా కలిసి సిగ్గుపడుతుంది.

టీవీలో ఎవరి మొహం చూడాలో కెమెరా నిర్ణయిస్తుంది. తరచు అది కన్నీళ్ళ దగ్గరే ఆగిపోతుంది. అలాగని టీవీని తోసెయ్యలేం. రాత్రిపూట నాటకానికి వెళ్ళగలిగే స్త్రీలెందరు? తన కూతురు ప్రియ ప్రధాన పాత్ర వేసిన 'స్వయంసిద్ధ' సీరియల్ని టెండూల్కర్ రాసినప్పుడు, ఆ కథ గడప దాటలేని స్త్రీల ఇళ్ళలోకే వచ్చింది. అయితే అక్కడ ఆమె చుట్టూ ఇంటివాళ్ళే. నవ్వాలన్నా ఏడవాలన్నా వాళ్ళ మొహాలు చూడాలి.

కాబట్టి చూసినదాని గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకుందాం. నాటకం హాలులో దొరికే ఆ తోడు మనమే కల్పించుకోవాలి.