పాలబండి దారిలో ఆగిపోతే
(సభ్య సంఘాల పాల సేకరణ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేత గురించి, చూడి పశువుల గురించి, వెన్న శాతం గురించి ఈ తరగతుల్లో చాలా విన్నారు. నేను మోటారు సైకిలు గురించి చెప్పడానికి వచ్చాను. నవ్వకండి. పిండిన పాలు మూడు నాలుగు గంటల్లోగా 4 డిగ్రీలకు చల్లబడాలి. మన ఎండల్లో పాలలోని సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపు కాగలవు. కూలర్ ఉన్న ఊరు ఇంకా ఐదారు కిలోమీటర్లుండగా, 40 లీటర్ల క్యాన్లు రెండు అటూ ఇటూ కట్టిన బండి మొరాయించిందంటే, ఆ 80 లీటర్లూ ఎన్ని ఇళ్ల పాలో ఆలోచించండి.

బండి ఆగగానే ముందు క్యాన్లు దించి చెట్టు నీడలో పెట్టండి. గోనెపట్టా తడిపి కప్పండి. టైము చూసుకోండి. పదిహేను నిమిషాల్లో బండి కదలకపోతే క్యాన్లు మరో బండిలోనో ఆటోలోనో ఎక్కించి పంపాలి. రిపేరు ఆ తరువాత. మనవాళ్లు చాలామంది ఈ పదిహేను నిమిషాలూ కిక్కులు కొట్టడంలోనే గడుపుతారు. చెమటలు పట్టడం, కాలు బెణకడం తప్ప లాభం లేదు. పది కిక్కులకు అందుకోని బండి నూరు కిక్కులకూ అందుకోదు.

బండి ఎలా ఆగిందో గుర్తు చేసుకోండి. సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. స్విచ్చి కట్టేసినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు లోపం అనుకోవచ్చు. దగ్గుతూ, గుంజుతూ, మెల్లగా చచ్చిపోతే పెట్రోలు అందలేదన్నమాట.

పెట్రోలు సంగతి చూద్దాం. ట్యాంకు ఊపి చూసి, ట్యాపు రిజర్వులోకి తిప్పండి. తరువాత ట్యాంకు మూత తెరవండి. తెరవగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఒకటుంటుంది. అది మట్టితో పూడినా, వానకు తడవకుండా మూతమీద పాలిథిన్ కవరు బిగించి కట్టినా, పెట్రోలు కిందికి దిగదు. కాసేపు నడిచి ఆగుతుంది, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. దీనికి ఒక పిన్నీసు చాలు.

కార్బరేటరు బండి అయితే పైపు ఊడదీసి సీసాలోకి పట్టండి. ధార రావాలి. సీసాలో అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరాయని అర్థం. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. మించితే ఆ నీటితో సహా విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. రిజర్వు పెట్టగానే ఇంజనుకు చేరేది ఆ అడుగుదే. వానాకాలంలో బండి ఆరుబయట పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. కార్బరేటరు గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి ఆ చెడు పెట్రోలు వదిలేయండి. ఈ పని చేస్తున్నప్పుడు బీడీ, సిగరెట్టు దగ్గరికి రానివ్వొద్దు. సైలెన్సర్ కాలుతూ ఉంటుంది, దానిమీద చుక్క పడనివ్వొద్దు. పెట్రోలు చేతులతో పాల క్యాను ముట్టుకోవద్దు. పాలు వాసనను ఇట్టే పట్టేస్తాయి.

పెట్రోలు వాసన గుప్పున కొడుతుంటే ఓవర్‌ఫ్లో అయినట్టు. ట్యాపు కట్టేసి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి.

ఇక ప్లగ్గు. పానాతో విప్పి, వైరు క్యాపులో పెట్టి, ప్లగ్గు ఇనుప భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు తీసిన రంధ్రానికి దూరంగా ఆనించాలి. అక్కడ పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది, అంటుకుంటుంది. ప్లగ్గును ఉత్త చేత్తో పట్టుకోవద్దు. నీలంగా చిటపటమంటే కరెంటు ఉంది. ఎర్రగా, బలహీనంగా ఉంటే, అసలు రాకపోతే, మసి గీకి తుడిచి మళ్లీ చూడండి. ఆయిలు కలిపి పోసే పాత టూ స్ట్రోక్ బండ్లలో ప్లగ్గు మొనల మధ్య నలుసు అడ్డుపడటం మామూలే. వేరే మంచి ప్లగ్గు పెట్టినా కరెంటు రాకపోతే క్యాపు, వైరు తడిశాయేమో చూడండి. కాయిల్ వేడెక్కినప్పుడే చచ్చిపోయి, చల్లారాక బతికే రకం కూడా ఉంది. అది మెకానిక్కు పని.

కిక్కు కాలికి బరువు లేకుండా దిగిపోతుంటే కంప్రెషన్ లేదు. ఫోర్ స్ట్రోక్ బండిలో వాల్వు సందు తగ్గిపోతే వేడిమీద వాల్వు పూర్తిగా మూసుకోక ఇలా అవుతుంది. కిక్కు అసలే దిగకపోతే పిస్టన్ పట్టేసిందేమో. బలవంతం చేయకండి.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధన వచ్చాక మార్కెట్లోకి వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బరేటరు లేదు, ఇంజెక్షన్ పద్ధతి. వాటి పెట్రోలు పైపు ఒత్తిడి మీద ఉంటుంది, రోడ్డుమీద ఊడదీయకూడదు. తాళం తిప్పగానే ట్యాంకులో పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమనాలి. ఆ చప్పుడు లేకుంటే ఫ్యూజు, బ్యాటరీ చూడండి. క్యాన్ల బరువుకు బండి ఒరిగి పడితే కొన్నిటిలో ఇంజను తానే ఆగిపోతుంది. నిలబెట్టి, తాళం ఒకసారి కట్టి తెరిస్తే చాలు. సైడు స్టాండు వేసి ఉంటే స్టార్టు కాని బండ్లూ ఉన్నాయి. ఎర్ర కిల్ స్విచ్చి పొరపాటున నొక్కి పడి ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇంత చేసినా ఆలస్యమైందనుకోండి. ఆ క్యాను మీద సుద్దతో గుర్తు పెట్టి, ఎంతసేపు ఆగారో చెప్పి, టెస్టరుకు విడిగా ఇవ్వండి. ఆయన కొద్దిగా కాచి చూస్తే విరిగేదీ లేనిదీ తెలిసిపోతుంది. ఆ పరీక్ష కాకముందు కూలర్లో పోయవద్దు. పోస్తే ఊరందరి పాలూ పోతాయి. పులుపు తెలియకుండా సోడా కలపమని సలహా ఇచ్చేవారు దారిలో తప్పక తగులుతారు. అది కల్తీ కింద కేసు అవుతుంది, సంఘం మొత్తం మీదికి వస్తుంది. విరిగిన క్యాను పాలు రిజిస్టరులో రాసి, కారణం ఎదురుగా రాసి, కార్యదర్శి చేత అక్కడే సంతకం పెట్టించుకోండి.