టమాటా: పూత వచ్చినా పిందె ఎందుకు కట్టదు?



ఏప్రిల్, మే నెలల్లో టమాటా తోటలోకి వెళితే మొక్కల నిండా పసుపు పూలు కనిపిస్తాయి. కొద్ది రోజుల తరువాత చూస్తే పూలన్నీ నేల మీద రాలి ఉంటాయి. పిందెలు మాత్రం ఎక్కడో ఒకటి. ఇది తెగులు అనుకుని కొందరు రైతులు పురుగు మందు కొడతారు, బలం చాలలేదని మరికొందరు యూరియా వేస్తారు. డబ్బు ఖర్చవుతుంది, పూత మాత్రం నిలవదు. అసలు లోపం ఎక్కడ ఉందో ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం.

ముందుగా పువ్వు నిర్మాణాన్ని పరిశీలిద్దాం. టమాటా పువ్వు ద్విలింగ పుష్పం. ఇందులోని పరాగకోశాలు ఒకదానికొకటి అంటుకుని శంకువులాంటి గొట్టంగా ఏర్పడతాయి. కీలం ఆ గొట్టం లోపల ఉంటుంది. అందువల్ల ఇందులో ప్రధానంగా స్వపరాగ సంపర్కమే జరుగుతుంది. అయితే పుప్పొడి ధారాళంగా రాలాలంటే పువ్వు కదలాలి. ఆరుబయట ఆ పని గాలి చేస్తుంది. గండు తుమ్మెద వంటి కొన్ని కీటకాలు పువ్వును పట్టుకుని ఝంకారంతో కంపింపజేసి పుప్పొడిని రాలుస్తాయి. మనం పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. గాలి ఆడని గాజు గృహాల్లో ఒకప్పుడు పనివారు విద్యుత్ పరికరాలతో పూలను కదిలించేవారు. 1980 దశకం చివరి నుంచి బెల్జియం, నెదర్లాండ్స్‌లలో బంబుల్ తుమ్మెదలను పెంచి ఆ పనికి వినియోగిస్తున్నారు.

మరి గాలి బాగా వీచే పొలంలో పూత ఎందుకు రాలుతుంది? ఇక్కడ ముఖ్య కారణం ఉష్ణోగ్రత. సాధారణ రకాల్లో పగటి వేడి 32 డిగ్రీల సెల్సియస్ దాటినా, రాత్రి వేడి 21 డిగ్రీల కంటే తగ్గకపోయినా పిందె కట్టడం తగ్గిపోతుంది. రాత్రి చలి 13 డిగ్రీల కంటే దిగినా అంతే. వేడి వల్ల పుప్పొడి జీవశక్తి కోల్పోతుంది. కీలం గొట్టం దాటి బయటికి పొడుచుకు వస్తుంది. అప్పుడు పుప్పొడి కీలాగ్రాన్ని చేరడం కష్టం. ఫలదీకరణ జరగకపోతే అండాశయంలో ఆక్సిన్ హార్మోన్ తగినంత తయారు కాదు. దానితో పూకాడ మధ్యనున్న కణుపు దగ్గర పువ్వు తెగి రాలిపోతుంది.

ఒక విషయం గుర్తుంచుకోండి. పుప్పొడి తయారయ్యేది మొగ్గలో, పువ్వు విచ్చుకోవడానికి వారం పదిరోజుల ముందు. ఆ సమయంలోనే అది వేడికి త్వరగా దెబ్బతింటుంది. కాబట్టి నిన్న వాన పడి చల్లబడినా ఈరోజు పూలు రాలవచ్చు. వాటికి నష్టం అంతకుముందే జరిగిపోయింది.

ఇతర కారణాలూ ఉన్నాయి. గాలిలో తేమ మరీ ఎక్కువైతే పుప్పొడి ముద్దకడుతుంది. మరీ తక్కువైతే కీలాగ్రానికి అంటుకోదు. నత్రజని అతిగా వేస్తే మొక్క ఆకు, కొమ్మ మీదకే పోతుంది. నీరు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ పెట్టినా, ఎండ చాలకపోయినా పూత నిలవదు.

మీరే ఒక ప్రయోగం చేయవచ్చు. ఇరవై పూలకు దారం కట్టండి. పది పూలను మూడు రోజులు ఉదయం పది గంటల ప్రాంతంలో మెల్లగా తట్టండి, మిగిలినవి వదిలేయండి. రోజూ పగలు, రాత్రి ఉష్ణోగ్రత రాయండి. తట్టిన పూలే ఎక్కువగా పిందె కడితే లోపం కదలికలో ఉన్నట్లు. రెండు రకాలూ రాలిపోతే వేడినో, ఎరువునో, నీటినో అనుమానించాలి.

వేడే కారణమైతే దానికి పురుగు మందు జవాబు కాదు. పూత సమయం మండుటెండల్లో పడకుండా నాటడం, వేడిని తట్టుకునే రకాలను ఎంచుకోవడం, నీడవల కట్టడం, యూరియా తగ్గించడం, నీరు క్రమంగా పెట్టడం ఉపాయాలు. 2023 జూలైలో దేశంలోని అనేక నగరాల్లో కిలో టమాటా 100 రూపాయలు దాటింది. అటువంటి ధరలకు కారణాలు అనేకం. వేసవి వేడికి రాలిన పూత వాటిలో ఒకటి. మీ ఇంట్లో సేద్యం చేసేవారుంటే, మందు కొట్టే ముందు మొగ్గ దశలో వేడి ఎంత ఉందో అడగండి.