కంప్యూటర్ల వ్యయము - కంపెనీల సంతృప్తి
(కంపెనీ నిర్వాహకుల సభయందు చేసిన ప్రసంగము)



రానున్న సంవత్సరమున కంప్యూటర్లపై ఎంత ధనము వెచ్చింపవలెనో నిర్ణయించుటకు మీరిచ్చట సమావేశమైనారు. అంతకుముందు, నిరుడు వెచ్చించిన ధనమువలన ఎవరికేమి మేలు కలిగెనని మిమ్ము అడుగదలచితిమి.

అమెరికాలోని హెర్షీ మిఠాయి కంపెనీ 11 కోట్ల 20 లక్షల డాలర్లతో క్రొత్త కంప్యూటరు వ్యవస్థలను నెలకొల్పినది. నాలుగేండ్ల పనిని 30 నెలలలో ముగింపగోరి, 1999 జూలైలో ఒక్కమాఱుగా క్రొత్త పద్ధతికి మాఱినది. అక్టోబరు కడపట హాలోవీను పండుగ. పిల్లలు ఇంటింటికి పోయి మిఠాయిలడుగు దినమది. మిఠాయి వర్తకులకు కోతకాలము. సరకు గిడ్డంగులలో నున్నది, దుకాణములకు మాత్రము చేరలేదు! ఆ మూడు నెలల లాభము 19 శాతము తగ్గినది. పండుగ ముంగిట ఇట్టి మార్పు తగునాయని బండ్లకు సరకెత్తించువానిని అడిగినచో ఏమి చెప్పియుండునో మీరే యూహింపుడు.

జర్మనీ దేశపు లిడ్ల్ దుకాణముల కథ వేఱు. ఆ సంస్థ నిల్వసరకును కొన్నధరపై లెక్కించును. తెచ్చుకొన్న సాఫ్టువేరో, అమ్మకపు ధరపై లెక్కించునట్టిది. సంస్థ తన యలవాటును మానక, సాఫ్టువేరునే మార్పింపబూనెను. 2011లో ఆరంభించిన ప్రయత్నమును 2018లో విడిచిపెట్టెను. సుమారు 50 కోట్ల యూరోలు వ్యయమైనవని జర్మను పత్రికలు వ్రాసినవి.

దూరదేశముల మాటయేల? మేమెఱిగిన యొక సంస్థలో గుమాస్తా ప్రతి పద్దును కంప్యూటరున నెక్కించి, పిమ్మట సొరుగులోని పుస్తకము తీసి మరల వ్రాసికొనుచుండెను. "ఏలనయ్యా?" యని యడిగితిమి. "యజమానిగారు లెక్కడిగినప్పుడు దీనిని చూచియే చెప్పుదునండీ" యనెను. ఆ యేటి నివేదికలో, కంప్యూటర్లు ఒక్కదినమైనను ఆగలేదని ఘనముగా వ్రాసికొనిరి. అదియు నిజమే!

కావున ప్రతి వ్యయమునకు ఎదురుగా, దానిని కోరిన శాఖ యేదో, ఏ జాప్యము, ఏ పొరపాటు తగ్గవలెనో ముందే వ్రాయుడు. ఆఱు నెలల పిమ్మట కంప్యూటరు శాఖను గాక, ఆ పని చేయువారినే విచారింపుడు. ఐనను వారడిగినదెల్ల ఇచ్చుట సంతృప్తిపఱచుట కాదు. లిడ్ల్‌వారు తమ యలవాటును తృప్తిపఱచబోయియే నష్టపడిరి. లెక్కలకు మాఱుప్రతులుంచుట, దొంగలనుండి వానిని కాపాడుట వంటి పనులకు మెచ్చుకొనువారుండరు. నిప్పంటుకొనువఱకు నీటితొట్టి నెవడు పొగడును? ఆ వ్యయమును మాత్రము మానకుడు.

రేపు మీ యెదుటికి వచ్చు పట్టికలో పెద్దపద్దు నొకదానిని ఎన్నుకొని, దీనిని వాడబోవువాడెవడని యడుగుడు. సంతకము చేయుటకు ముందు వానిని ఈ గదికి పిలిపింపుడు.