చిన్న తెర మీద మన హక్కులు

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట ఫోను తెరల కొలతల ప్రస్తావన ఎందుకని మీకు అనిపించవచ్చు. అది ఇంజనీర్ల వ్యవహారమని నేనూ అనుకునేదాన్ని.

బీడీలు చుట్టే ఒక చెల్లె కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం భర్త ఫోను అడిగి తెచ్చుకుంది. అతను పనికి పోయేలోపు ఫోను తిరిగి ఇచ్చేయాలి. పదో తరగతి చదువుకున్న మనిషి, వివరాలన్నీ తనే నింపింది. "అక్కా, అంత నింపిన. పంపేది యాడుంది?" అని అడిగింది. వెతికితే ఆ బటన్ తెరకు కుడివైపు, కనబడని చోట ఉంది. వేలితో పక్కకు జరిపేసరికి వెనకటి పేజీ వచ్చి నింపినదంతా పోయింది. "నాకే చాత కాలే" అంది. మర్నాడు మండల కేంద్రానికి పోయి డబ్బులిచ్చి పంపించుకుంది. ఆ రోజు కూలి కూడా పోయింది.

ఆ ఫారాన్ని ఆఫీసు బల్లమీది కంప్యూటర్ కోసం తయారుచేశారు. తెరను బట్టి పేజీ సర్దుకునే పద్ధతిని ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ 2010లోనే వివరించాడు. పెద్ద తెరమీద పక్కపక్కన ఉండే గడులు చిన్న తెరమీద ఒకదానికింద ఒకటి వస్తాయి. వికలాంగులకు వెబ్ అందుబాటులో ఉండాలని రూపొందించిన అంతర్జాతీయ ప్రమాణాలు 2018లో ఇంకో మాట చేర్చాయి: 320 పిక్సెళ్ళ వెడల్పులో కూడా పాఠాన్ని పక్కకు జరపకుండా చదవగలగాలి. అంటే ఇంచుమించు చిన్న ఫోను తెర.

తెలుగుకు మరో చిక్కుంది. 'సబ్మిట్' అనే మాటకు కొలిచిన బటన్‌లో 'సమర్పించండి' సగమే పడుతుంది. వరుసల మధ్య ఎడం చాలకపోతే ఒత్తులు తెగుతాయి. 'రద్దు' కాస్తా 'రదు' అవుతుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో తాము వాడుకునే ఫోను ఉన్నవారు 54 శాతం. మిగిలినవారికి దొరికేది ఇంట్లోవాళ్ళ ఫోను, అదీ కాసేపే. ఆ కాసేపట్లో పని కాకపోతే ఆ పథకం వారికి లేనట్టే.

కాబట్టి ఏ ఆన్‌లైన్ సేవ వచ్చినా మనం నాలుగు అడుగుదాం. చవక ఫోనులో పరీక్షించారా? అక్షరాలు రెట్టింపు చేసినా పేజీ నిలుస్తుందా? తెలుగులో పూర్తిగా కనబడుతుందా? సగం నింపినది మళ్ళీ దొరుకుతుందా? మన సంస్థల సొంత ఫారాలతోనే ఈ పరీక్ష మొదలుపెడదాం. ఆ చెల్లె లాంటివాళ్ళనే పిలిచి, వాళ్ళ చేతికే ఫోనిచ్చి, పక్కన కూర్చుని చూద్దాం.